కదలికను కొలిచిన నూరేళ్ళు: యాక్సెలరోమీటరు చరిత్ర

ఓడలో మూసిన గదిలో ఉన్న మనిషికి ఆ ఓడ నిలిచి ఉన్నదో, ఒకే వేగంతో సాగిపోతున్నదో గదిలో చేసే ఏ ప్రయోగం వల్లా తెలియదని గెలీలియో 1632లో వెలువడిన తన గ్రంథంలో వాదించాడు. న్యూటన్ 1687లో గతి నియమాలను సూత్రీకరించినప్పుడు ఆ వాదనకు రెండో పార్శ్వం కూడా స్పష్టమైంది. వేగం ఎంతన్నది లోపలివారికి తెలియకపోయినా అది మారుతున్నదన్న సంగతి మాత్రం తెలిసి తీరుతుంది, ఎందుకంటే వేగం మారినప్పుడల్లా లోపలి ప్రతి వస్తువు మీదా ఏదో ఒక బలం పనిచేయవలసిందే. వేగం మారే రేటును త్వరణం అంటారు. బయటి ఆనవాళ్ళు వేటినీ చూడకుండా, కదిలే వస్తువుకే అంటిపెట్టుకుని దాని త్వరణాన్ని కొలిచే పరికరం యాక్సెలరోమీటరు.

1923 నాటి అర కిలో పరికరాన్నీ, నేటి సెల్‌ఫోనులోని బియ్యపుగింజంత సిలికాన్ తునకనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఈ పరికరం చరిత్ర మొరటుదనం నుంచి నాజూకుతనానికి సాగిన ప్రయాణంగా కనిపించడం సహజమే. కానీ ఆ ప్రయాణంలో పుట్టిన రకాల్లో చాలా వరకు నేటికీ బతికే ఉన్నాయి. స్ఫటికంతో పనిచేసేవి, తీగ నిరోధంతో పనిచేసేవి, గైరోస్కోపుతో పనిచేసేవి, సిలికాన్‌తో పనిచేసేవి వేటి చోట అవి కొనసాగుతున్నాయి. దీనికి కారణం పరికరం వెనుక ఉన్న భౌతిక సూత్రంలోనే ఉంది. ఆ సూత్రం ఒక గుణాన్ని పెంచుకోవాలంటే మరొక గుణాన్ని వదులుకోక తప్పని పరిస్థితి కల్పిస్తుంది కనుక, ప్రతి తరమూ తన ముందున్న పనిని బట్టి దేన్ని ఉంచుకోవాలో, దేన్ని వదులుకోవాలో నిర్ణయించుకుంది. యాక్సెలరోమీటరు చరిత్ర ప్రధానంగా ఆ నిర్ణయాల చరిత్ర.

గుండు, స్ప్రింగు, పెట్టె

మేస్త్రీలు గోడ నిటారుగా ఉన్నదో లేదో చూసుకునే తూకపు గుండును వేగం పుంజుకుంటున్న రైలుపెట్టెలో వేలాడదీస్తే దారం వెనక్కి వాలుతుంది. ఆ వాలు కోణాన్ని బట్టి రైలు త్వరణాన్ని లెక్కకట్టవచ్చు. అన్ని యాక్సెలరోమీటర్లలోనూ ఉన్న అమరిక మౌలికంగా ఇదే. ఒక పెట్టె, అందులో స్ప్రింగు వంటి సాగే ఆధారానికి తగిలించిన ఒక ద్రవ్యరాశి, పెట్టె కదిలినప్పుడు జడత్వం వల్ల వెనకబడే ఆ ద్రవ్యరాశి ఎంత జరిగిందో చెప్పే ఏర్పాటు, అది ఊగులాడుతూ ఉండిపోకుండా అణచే అవమందనం అనేవి దాని భాగాలు.

అదే దారం రైలు నిలిచి ఉన్నప్పుడు కూడా, పట్టాలు ఏటవాలుగా ఉంటే, పెట్టె గోడతో పోల్చినప్పుడు వాలినట్టే కనిపిస్తుంది. వాలు వల్ల వచ్చిన జరుగుడు ఏదో, త్వరణం వల్ల వచ్చినది ఏదో గుండుకు తెలియదు. గురుత్వాకర్షణ ప్రభావమూ త్వరణ ప్రభావమూ ఒకేచోట కొలిచినప్పుడు వేరుచేయరానివని ఐన్‌స్టీన్ 1907లో ప్రతిపాదించిన తుల్యతా సూత్రం చెప్పేది ఇదే. అందువల్ల బల్ల మీద కదలకుండా ఉన్న యాక్సెలరోమీటరు సున్నాను చూపదు. భూమి గురుత్వ త్వరణానికి సమానమైన ‘ఒక జీ’ని, అంటే సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల త్వరణాన్ని, పైదిశగా చూపుతుంది. చేతిలోంచి జారి పడుతున్నప్పుడు మాత్రం అది సున్నాను చూపుతుంది. ఈ గుణం కొన్ని పనులకు వరంగానూ మరికొన్నింటికి పెద్ద చిక్కుగానూ పరిణమించింది.

స్ప్రింగు మీది ద్రవ్యరాశిని ఒకసారి లాగి వదిలితే అది తనకు సహజమైన ఒక లయలో ఊగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని సహజ పౌనఃపున్యం అంటారు, హెర్ట్జులలో కొలుస్తారు. ఒక త్వరణానికి ద్రవ్యరాశి ఎంత జరుగుతుందన్నది ఈ పౌనఃపున్యపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. సహజ పౌనఃపున్యం 10 హెర్ట్జులైతే ఒక జీ త్వరణానికి గుండు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది, కంటికి కూడా కనిపిస్తుంది. అదే 1000 హెర్ట్జులైతే ఆ జరుగుడు మిల్లీమీటరులో నాలుగువేలవ వంతుకు పడిపోతుంది. 20,000 హెర్ట్జుల దగ్గర అది మిల్లీమీటరులో పది లక్షలవ వంతు కూడా ఉండదు. మరోవైపు, కొలవవలసిన కంపనం సహజ పౌనఃపున్యానికి దగ్గరైతే అనునాదం వల్ల పరికరం ఉన్నదాన్ని ఎన్నో రెట్లు పెంచి చూపుతుంది కనుక, సాధారణంగా దానిలో మూడో వంతు వరకే కొలతను నమ్ముతారు. అక్కడ కూడా తప్పు 12 శాతం దాకా ఉంటుంది. మెత్తని స్ప్రింగు పెడితే చిన్న త్వరణం కూడా తెలుస్తుంది కానీ వేగవంతమైన కంపనాలు అందవు. గట్టి స్ప్రింగు పెడితే వేగవంతమైనవి అందుతాయి కానీ చిన్నవి తెలియవు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆవిష్కర్తా ఈ బేరంతోనే మొదలుపెట్టవలసి వచ్చింది.

కర్బన వలయాలు, సన్నని తీగలు

విద్యుత్తుతో పనిచేసి, దూరాన కూర్చుని నమోదు చేసుకోవడానికి వీలిచ్చిన తొలి యాక్సెలరోమీటరు ఘనతను బర్టన్ మెకొల్లమ్, ఆర్విల్ పీటర్స్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లకు ఇస్తారు. వాషింగ్టన్‌లోని జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసిన వీరి పరికరం 1923 ప్రాంతంలో రూపుదిద్దుకుంది. అందులో ఇంగ్లీషు అక్షరం ‘ఈ’ ఆకారంలో ఉన్న లోహపు చట్రం మధ్య పుల్లకు రెండు వైపులా కర్బన వలయాల దొంతరలు, 20 నుంచి 55 వలయాల దాకా, నొక్కి పెట్టి ఉండేవి. చట్రం కదిలి ద్రవ్యరాశి ఒక పక్కకు జరిగితే ఒక దొంతర బిగుసుకుని దాని విద్యుత్ నిరోధం తగ్గేది; రెండో దొంతర వదులై నిరోధం పెరిగేది. రెండింటి తేడాను వీట్‌స్టన్ బ్రిడ్జి అనే వలయంతో కొలిచేవారు. ఒక దొంతర బదులు రెండు పెట్టడం వల్ల వేడికి రెండింటి నిరోధమూ ఒకేలా మారి ఆ మార్పు తీసివేతలో పోయేది. వంతెనల కంపనాలను, విమానాల కుదుపులను కొలవడానికి ఈ పరికరాన్ని వాడారు. అయితే కర్బనం నొక్కుడుకు ఒకసారి చూపిన నిరోధాన్ని మరోసారి అచ్చంగా అలాగే చూపదు. ఆ చపలత్వమే దాని ఆయుష్షును తగ్గించింది.

దాని స్థానాన్ని తీసుకున్నది లోహపు తీగ. తీగను సాగదీస్తే దాని నిరోధం పెరుగుతుందని లార్డ్ కెల్విన్ 1856లోనే గమనించినా, ఆ గమనిక పనిముట్టుగా మారడానికి ఎనిమిది దశాబ్దాలు పట్టింది. 1938లో కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో ఎడ్వర్డ్ సిమన్స్, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఆర్థర్ రూజ్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, వెంట్రుకవాసి తీగను వస్తువు ఉపరితలానికి జిగురుతో అంటించి దాని సాగుదలను కొలిచే స్ట్రెయిన్ గేజీని తయారుచేశారు. రూజ్ అప్పుడు భూకంపాలకు ఎత్తైన నీటి ట్యాంకులు ఎలా ఊగుతాయన్న విషయం మీద నమూనాలతో పరిశోధన చేస్తున్నాడు. సన్నని కమ్మీ చివర ద్రవ్యరాశిని పెట్టి, ఆ కమ్మీకి గేజీలు అంటిస్తే యాక్సెలరోమీటరు సిద్ధమైనట్టే. ఇది కదలని స్థితిలోని ఒక జీని కూడా చూపుతుంది, నెమ్మదైన కదలికలను నమ్మకంగా కొలుస్తుంది. సంకేతం బలహీనంగా ఉండటం, కమ్మీ మెత్తనిది కావడం వల్ల వేగవంతమైన కంపనాలకు పనికిరాకపోవడం దీని పరిమితులు.

భూకంపం కోసం ఎదురుచూసే పరికరం

దూరాన వచ్చిన చిన్న భూకంపాలను పట్టుకోవడానికి తయారైన సీస్మోగ్రాఫులు దగ్గరలో పెద్ద భూకంపం వస్తే ముల్లు కాగితం దాటిపోయి ఏమీ చెప్పలేకపోయేవి. కట్టడాలు కట్టే ఇంజనీర్లకు కావలసినదల్లా ఆ సమయంలో నేల ఎంత త్వరణంతో కదిలిందన్న లెక్క. జపాను భూకంప శాస్త్రజ్ఞుడు క్యోజి సుయెహిరో 1931లో అమెరికాలో ఇచ్చిన ఉపన్యాసాలతో ఈ అవసరానికి బలం చేకూరింది. మరుసటి ఏడాది అమెరికా తీర, జియోడెటిక్ సర్వే సంస్థ కాలిఫోర్నియాలో యాక్సెలరోగ్రాఫులను, అంటే త్వరణాన్ని కాగితం మీద గీసే పరికరాలను, నెలకొల్పింది. తెలివిగా తక్కువ సున్నితత్వాన్ని ఎంచుకున్న పరికరాలివి. నెలల తరబడి నిద్రాణంగా ఉండి, నేల గట్టిగా కదిలినప్పుడు ఒక చిన్న లోలకం విద్యుత్ సంబంధాన్ని కలిపితే మేలుకుని, అద్దం మీద పడి మళ్ళిన కాంతికిరణంతో ఫొటో కాగితం మీద గీత గీసేవి. మేలుకోవడానికి పట్టిన క్షణంలోపు కదలిక నమోదు కాకపోవడం ఆ ఎంపికకు చెల్లించిన మూల్యం.

1933 మార్చి 10న లాంగ్ బీచ్ భూకంపంలో వీటికి తొలి నమోదు దక్కింది. 1940 మే 18న ఎల్ సెంట్రోలో నమోదైన గీత, గరిష్ఠంగా జీలో సుమారు మూడో వంతు త్వరణం చూపిన గీత, ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతటా కట్టడాల లెక్కలకు నమూనా భూకంపంగా ఉపయోగపడింది.

భారతదేశంలో ఈ పరికరం విలువ కొయినా ఆనకట్ట దగ్గర తెలిసివచ్చింది. మహారాష్ట్రలోని ఆ 103 మీటర్ల కాంక్రీటు ఆనకట్టను రూపకల్పన చేసినప్పుడు భూకంప బలాన్ని కట్టడం బరువులో 5 శాతంగా, అంటే 0.05 జీగా, లెక్కలోకి తీసుకున్నారు. దక్కను పీఠభూమి భూకంపాల భయం లేని గట్టి నేలగా పేరుపడిన రోజులవి. 1967 డిసెంబరు 11న అక్కడ పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఆనకట్ట లోపలి గ్యాలరీలో అమర్చి ఉన్న యాక్సెలరోగ్రాఫు 0.63 జీ గరిష్ఠ త్వరణాన్ని నమోదు చేసింది. లెక్కలోని బలానికి పన్నెండు రెట్లకు మించిన ఆ అంకె లేకపోతే ఆనకట్టలో పగుళ్ళు ఎందుకు వచ్చాయో, అయినా అది ఎలా నిలిచిందో వివరించడానికి ఇంజనీర్లకు ఆధారం ఉండేది కాదు. ఆ నమోదు నేటికీ గురుత్వ ఆనకట్టల భూకంప విశ్లేషణలో ప్రామాణిక దత్తాంశంగా వాడుకలో ఉంది.

స్ఫటికం చేసిన మేలు, విధించిన షరతు

క్వార్ట్జు, టూర్మలీను, రోషెల్ లవణం వంటి స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం పుడుతుందని ప్యారిస్‌లో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. దీన్ని పీజో విద్యుత్ ప్రభావం అంటారు. స్ఫటికం ఉక్కులాంటి గట్టి స్ప్రింగు. దాని మీద ద్రవ్యరాశిని బిగించి పెడితే సహజ పౌనఃపున్యం పదుల వేల హెర్ట్జులకు పోతుంది, అయినా ఆ సూక్ష్మమైన నొక్కుడుకు కొలవదగిన ఆవేశం వస్తుంది. గట్టి స్ప్రింగుకు చిన్న త్వరణాలు తెలియవన్న పాత బేరాన్ని పదార్థ గుణం ఇలా కొంతవరకు సడలించింది. డెన్మార్కులో పేర్ బ్ర్యూల్, విగ్గో కేర్ 1942లో నెలకొల్పిన బ్ర్యూల్ అండ్ కేర్ సంస్థ మరుసటి ఏడాదే ఈ రకం యాక్సెలరోమీటరును తయారుచేసింది. తొలినాళ్ళలో వాడిన రోషెల్ లవణం తేమకు కరుగుతుంది, 55 డిగ్రీల వేడి దగ్గరే చెడిపోతుంది. 1940లలో బేరియం టైటనేటు, 1950లలో సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన సెరామిక్కులు వచ్చాక ఈ పరికరాలు జెట్ ఇంజన్ల వేడిని తట్టుకునే స్థితికి చేరాయి.

ఆవేశం పుట్టించడం ఒక ఎత్తు, దాన్ని కొలవడం మరొక ఎత్తు. స్ఫటికం ఇచ్చే ఆవేశం ఎంత స్వల్పమంటే కేబుల్ పొడవు మారినా కొలత మారిపోయేది. స్విట్జర్లండులో వాల్టర్ కిస్ట్లర్ 1950లో పేటెంటు పొందిన చార్జ్ యాంప్లిఫయరు ఈ చిక్కును తీర్చి, కేబులుతో సంబంధం లేకుండా ఆవేశాన్ని వోల్టేజిగా మార్చింది. ఒక షరతు మాత్రం ఎవరూ తీర్చలేనిదిగా మిగిలింది: నొక్కి పట్టుకున్న స్ఫటికం మీది ఆవేశం మెల్లగా కారిపోతుంది కనుక మారకుండా నిలిచిన త్వరణాన్ని పీజో పరికరం చూపలేదు. బల్ల మీద ఉంచితే అది ఒక జీకి బదులు సున్నానే చూపుతుంది. కంపనం కొలిచేవారికి ఇది లోపంగా తోచదు. నిలకడగా ఉన్న గురుత్వాకర్షణ తప్పుకుని కంపనం ఒక్కటే మిగలడం వారికి సౌకర్యమే.

మన దేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జులది కనుక రామగుండం, విజయవాడ వంటి థర్మల్ కేంద్రాల్లోని పెద్ద టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. ఇరుసు సమతుల్యం తప్పితే కంపనం ఆ 50 హెర్ట్జుల దగ్గరే కనిపిస్తుంది. గేరు పళ్ళ రాపిడి, బాల్ బేరింగులో మొదలైన సన్నని పగులు మాత్రం వేల హెర్ట్జుల దగ్గర సంకేతమిస్తాయి. ఆ పైస్థాయి సంకేతాన్ని పట్టడానికే కర్మాగారాల నిర్వహణ విభాగాలు పీజో యాక్సెలరోమీటర్లను వాడతాయి. అక్కడ సెన్సరు ఎంత మంచిదన్నదానికన్నా దాన్ని ఎలా బిగించారన్నది ముఖ్యమవుతుంది. మరచుట్టుతో బిగిస్తే పరికరం పూర్తి సామర్థ్యం అందుతుంది, అయస్కాంతంతో అంటిస్తే అది తగ్గుతుంది, చేత్తో ఒత్తి పట్టుకుంటే సుమారు 1000 హెర్ట్జులు దాటిన కొలతను నమ్మలేరు. తేలికైన వస్తువు మీద బరువైన సెన్సరు పెడితే వస్తువు కంపించే తీరే మారిపోతుంది కనుక సెన్సరు బరువు వస్తువు బరువులో పదో వంతు మించకూడదన్నది ఈ రంగంలో స్థిరపడిన నియమం.

వేగాన్ని లెక్కకట్టే గైరోస్కోపు

పరిశ్రమ కంపనాన్ని కోరితే రాకెట్టు వేగాన్ని కోరింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ తయారుచేసిన వి-2 రాకెట్టు ఎంత దూరాన పడుతుందన్నది ఇంజన్ ఆగే క్షణంలో దాని వేగం మీద ఆధారపడేది. త్వరణాన్ని కాలంతో పాటు కూడుకుంటూ పోతే వేగం వస్తుంది. ఆ కూడికను యాంత్రికంగా చేయడానికి బెర్లిన్‌లోని క్రైజెల్‌గెరేటె సంస్థకు చెందిన ఫ్రిట్జ్ ముల్లర్ ఒక అపూర్వమైన ఉపాయం కనిపెట్టాడు. తిరిగే గైరోస్కోపు ఒక పక్క బరువెక్కువ ఉండేటట్టు చేస్తే, త్వరణం ఆ బరువును వెనక్కి లాగినప్పుడు గైరో పడిపోకుండా పక్కకు మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. తిరిగే వేగం త్వరణానికి, తిరిగిన మొత్తం కోణం రాకెట్టు సంపాదించిన వేగానికి సమానుపాతంలో ఉంటాయి. నిర్ణీత కోణం రాగానే ఇంజన్ ఆపే మీట పడేది. యుద్ధం తర్వాత ముల్లర్‌తో పాటు అమెరికా చేరిన ఈ పరికరం ఖండాంతర క్షిపణుల్లో దశాబ్దాల పాటు ప్రధాన సాధనంగా నిలిచింది.

అంత సంక్లిష్టమైన యంత్రాన్ని ఎందుకు భరించారన్నది ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. త్వరణంలో జీలో వెయ్యో వంతు స్థిరమైన తప్పు ఉంటే, దాన్ని ఒకసారి కూడితే వేగంలో, రెండోసారి కూడితే దూరంలో తప్పు పెరుగుతూ పోతుంది. ఒక నిమిషంలో దూరంలోని తప్పు సుమారు 18 మీటర్లు, పది నిమిషాల్లో సుమారు 1770 మీటర్లు. కాలం పది రెట్లయితే తప్పు నూరు రెట్లవుతుంది. సెల్‌ఫోనులో యాక్సెలరోమీటరు ఉన్నా దారి చూపడానికి ఉపగ్రహ సంకేతాల మీద ఆధారపడవలసి రావడానికి కారణం ఇదే.

మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో చార్లెస్ స్టార్క్ డ్రేపర్ బృందం 1953 ఫిబ్రవరిలో ఒక బి-29 విమానాన్ని బయటి ఆనవాళ్ళు లేకుండా, లోపలి గైరోలు, యాక్సెలరోమీటర్ల లెక్కతోనే మసాచుసెట్స్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా నడిపించింది. ఆ పరికరాల బరువు వెయ్యి కిలోలు దాటింది. అదే ప్రయోగశాల తయారుచేసిన అపోలో నౌకల మార్గదర్శక వ్యవస్థలో మూడు దిశలకు మూడు లోలకపు యాక్సెలరోమీటర్లు ఉండేవి. వీటిలో లోలకాన్ని జరగనివ్వకుండా విద్యుదయస్కాంత బలంతో తిరిగి మధ్యకు తెచ్చేవారు. అందుకు పంపిన విద్యుత్ స్పందనలను లెక్కపెడితే వేగం వచ్చేది. చంద్రుడి మీద దిగిన నౌకలో ఒక్కో స్పందన విలువ సెకనుకు ఒక సెంటీమీటరు. స్ప్రింగు సాగుదలకు బదులు సమతుల్య బలాన్ని కొలిచే ఈ పద్ధతిని సర్వో పద్ధతి అంటారు. తిరువనంతపురంలోని ఇస్రో జడత్వ వ్యవస్థల విభాగం ఈ తరగతి పరికరాలను స్వదేశంలో తయారుచేస్తున్నది. హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ క్షిపణుల జడత్వ మార్గదర్శక వ్యవస్థల మీద పనిచేస్తున్నది. ఈ స్థాయి పరికరాలను అంతర్జాతీయ మార్కెట్టులో దేశాలు ఒకదానికొకటి స్వేచ్ఛగా అమ్ముకోవు కనుక ఇక్కడ ఎంపిక ధరతో పాటు రాజకీయంతోనూ ముడిపడి ఉంటుంది.

సిలికాన్ దువ్వెనలు

ఇంతవరకు చెప్పిన పరికరాలన్నీ ఒక్కొక్కటిగా చేత్తో కూర్చి తయారుచేసినవి. ఒకే పలక మీద వందల కొద్దీ ఒకేసారి తయారుచేసే మార్గం ట్రాన్సిస్టరు పరిశ్రమ నుంచి వచ్చింది. సిలికాన్‌ను వంచితే దాని నిరోధం లోహపు తీగలో కన్నా పదుల రెట్లు ఎక్కువగా మారుతుందని బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ 1954లో ప్రచురించాడు. పాతికేళ్ళ తర్వాత, 1979లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లిన్ రాయలన్స్, జేమ్స్ ఏంజెల్ సిలికాన్ పలకను రసాయనాలతో చెక్కి, ద్రవ్యరాశినీ దాన్ని మోసే కమ్మీనీ ఒకే స్ఫటికం నుంచి మలిచారు. గాజు పలకల మధ్య పొదిగిన ఆ పరికరం 2 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల పొడవు, 0.6 మిల్లీమీటర్ల మందంతో, 0.02 గ్రాముల బరువుతో ఉండేది. వైద్య పరిశోధనలో శరీరభాగాల కదలికను కొలవడం వంటి పనులు దాని రూపకర్తల దృష్టిలో ఉన్నా, దాన్ని లక్షల్లో కొనే గిరాకీ మోటారు కార్ల నుంచి వచ్చింది.

కారు ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగును ఉబ్బించాలా వద్దా అన్నది సెకనులో కొన్ని వందో వంతుల వ్యవధిలో తేల్చుకోవాలి. తొలితరం కార్లలో ఆ పనిని అలెన్ బ్రీడ్ 1960ల చివర రూపొందించిన గొట్టంలోని గోళీ చేసేది: అయస్కాంతం పట్టి ఉంచిన ఉక్కు గోళీ ఢీకొన్న ఊపుకు విడివడి గొట్టం చివరి కొనలను తాకి విద్యుత్ వలయాన్ని పూర్తిచేసేది. అది అవును, కాదు అనే రెండు మాటలే చెప్పగలదు. పైగా ఒక్కో కారుకు అలాంటివి చాలా అమర్చవలసి వచ్చేది. 1991లో అమెరికా చట్టం అన్ని కొత్త కార్లలో ఎయిర్‌బ్యాగులను దశలవారీగా తప్పనిసరి చేసిన ఏడాదే ఆనలాగ్ డివైసెస్ సంస్థ ఏడీఎక్స్‌ఎల్50 అనే చిప్పును ప్రకటించింది.

దాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే రెండు వైపులా పళ్ళున్న దువ్వెన కనిపిస్తుంది. 2 మైక్రాన్ల మందంగల ఆ సిలికాన్ దువ్వెన నాలుగు మూలల సన్నని కాళ్ళ మీద వేలాడుతూ ఉంటుంది. దాని ఒక్కో పన్ను రెండు స్థిరమైన పళ్ళ మధ్య ఇమిడి ఉంటుంది. కారు కుదుపుకు దువ్వెన జరిగితే ఒక పక్క సందు తగ్గి, రెండో పక్క సందు పెరిగి, పళ్ళ మధ్య ఏర్పడిన కెపాసిటర్ల విలువలు మారతాయి. గరిష్ఠంగా 50 జీల త్వరణానికి కూడా ఈ జరుగుడు మిల్లీమీటరులో లక్షవ వంతు స్థాయిలోనే ఉంటుంది. అంత సూక్ష్మమైన మార్పును చదివే వలయాన్ని అదే చిప్పు మీద, దువ్వెన పక్కనే అచ్చువేయడం దీని అసలు విజయం. దానికి తోడు, పళ్ళకు వోల్టేజి ఇచ్చి విద్యుత్ బలంతో దువ్వెనను కావాలని కదిలించి, బండి తాళం తిప్పిన ప్రతిసారీ సెన్సరు పనిచేస్తున్నదో లేదో పరీక్షించుకోవచ్చు. గొట్టంలోని గోళీకి అలాంటి పరీక్ష సాధ్యం కాదు. జర్మనీలోని బాష్ సంస్థకు చెందిన ఫ్రాంజ్ లెర్మర్, ఆండ్రియా షిల్ప్ (తర్వాత ఉర్బాన్) 1990ల ఆరంభంలో సిలికాన్‌ను నిట్టనిలువుగా లోతుగా చెక్కే పద్ధతిని కనిపెట్టాక, మందమైన ద్రవ్యరాశులు కూడా చవకగా సాధ్యమయ్యాయి. సూక్ష్మ విద్యుత్ యాంత్రిక వ్యవస్థలుగా పిలిచే ఈ తరగతిని క్లుప్తంగా మెమ్స్ అంటారు.

ద్రవ్యరాశి తగ్గిన కొద్దీ చుట్టూ ఉన్న గాలి అణువుల తాకిడి దాన్ని ఎక్కువగా కదిలిస్తుంది; సంకేతంలో కలిసిపోయే ఆ యాదృచ్ఛిక కదలికే రొద. 50 జీల దెబ్బను కొలిచే ఎయిర్‌బ్యాగుకు అది పట్టదు. జీలో వెయ్యో వంతు కదలికను వెతికేవారికి అదే ప్రధాన అవరోధం. మెమ్స్ చవకదనానికి ఎదురుగా చెల్లించిన మూల్యం ఇది.

జేబులోకి, చంద్రుడి మీదికి

కార్ల కోసం కట్టిన కర్మాగారాలు ధరను తగ్గించాక కొత్త పనులు వాటంతటవే పుట్టుకొచ్చాయి. 2003లో ఐబీఎం తన థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాపులలో వీటిని పెట్టింది. ల్యాప్‌టాప్ బల్ల మీద నుంచి నేల చేరడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. పడటం మొదలైనదని సెన్సరు చెప్పగానే ఆ వ్యవధిలో హార్డ్ డిస్కు రీడింగ్ హెడ్‌ను పళ్ళెం మీద నుంచి పక్కకు తప్పించవచ్చు. 2006లో నింటెండో వీ ఆట యంత్రం చేతి విసురును, 2007లో ఐఫోను తెర ఏ దిశలో ఉన్నదన్న సంగతిని వీటితోనే తెలుసుకున్నాయి. ఐఫోను కొలిచింది కదలికను కూడా కాదు, నిలకడగా ఉన్న ఒక జీ ఏ వైపు ఉన్నదన్న దాన్నే. ఆ పని పీజో స్ఫటికం వల్ల అయ్యేది కాదు.

కోట్ల ఫోనుల్లోకి చేరిన ఈ సెన్సరు ఒక పాత అవసరాన్ని మళ్ళీ తడిమింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖ 2016లో విడుదల చేసిన మైషేక్ యాప్, గూగుల్ 2020లో ప్రారంభించి 2023లో భారతదేశానికి విస్తరించిన ఆండ్రాయిడ్ భూకంప హెచ్చరికల వ్యవస్థ, బల్లల మీద కదలకుండా ఉన్న ఫోనుల కుదుపును భూకంప సూచనగా స్వీకరిస్తాయి. ఒక్కో ఫోను కొలత నమ్మదగినది కాకపోయినా, ఒక ప్రాంతంలోని వందలాది ఫోనులు ఒకేసారి కుదిలితే ఆ సంఖ్యే లోపాన్ని పూరిస్తుంది. ఎల్ సెంట్రోలో ఒక్క పరికరం నాణ్యత మీద ఆధారపడిన పని ఇక్కడ పరికరాల సంఖ్య మీద ఆధారపడింది.

దీనికి వ్యతిరేక దిశలో సాగిన ప్రయత్నం చంద్రయాన్-3లోని ఇల్సా అనే చంద్ర భూకంప పరికరం. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరి ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువానికి సమీపంలో దిగిన విక్రమ్ ల్యాండరు దాన్ని మోసుకువెళ్ళింది. బెంగళూరులోని ఇస్రో విద్యుత్-కాంతి వ్యవస్థల ప్రయోగశాల రూపొందించిన ఇందులో స్వదేశంలో సిలికాన్‌ను చెక్కి తయారుచేసిన ఆరు యాక్సెలరోమీటర్లు ఉన్నాయి. ఎయిర్‌బ్యాగు చిప్పులో మాదిరిగానే స్ప్రింగుకు తగిలిన ద్రవ్యరాశీ, దువ్వెన పళ్ళ ఎలక్ట్రోడులూ వీటిలోనూ ఉన్నాయి; చంద్రుడి నేల చిరుకంపనాలు వినిపించేంతగా రొద తగ్గించడం మాత్రం రూపకర్తలు ప్రత్యేకంగా సాధించవలసి వచ్చింది. ప్రజ్ఞాన్ రోవరు చక్రాల కదలికను అది నమోదు చేసింది. ఆగస్టు 26న సహజమైనదిగా తోచిన ఒక కంపనాన్ని కూడా పట్టుకుంది. చంద్రుడి మీద పనిచేసిన తొలి మెమ్స్ పరికరంగా దాన్ని ఇస్రో పేర్కొంది. బరువు తక్కువ, విద్యుత్ వినియోగం తక్కువ, ప్రయోగ సమయపు కుదుపుకు తట్టుకునే గట్టిదనం అన్న మూడు కారణాలూ కలిసి అక్కడ మెమ్స్ వైపు మొగ్గేలా చేశాయి.

ఎంపిక వరుస

ఈ నూరేళ్ళ అనుభవం నుంచి యాక్సెలరోమీటరు ఎంచుకునే పద్ధతి ఒక వరుసగా తేలుతుంది. మొదట తేల్చుకోవలసినది కొలవవలసిన కదలిక నిలకడగా ఉంటుందా, కంపిస్తుందా అన్నది. నిలకడదైతే స్ఫటికం పనికిరాదు. రెండోది ఆ కంపనపు గరిష్ఠ పౌనఃపున్యం. సెన్సరు సహజ పౌనఃపున్యం దానికి కనీసం మూడు రెట్లుండాలి. మూడోది అత్యధిక త్వరణం; కొయినాలో 0.63 జీని చూపిన పరికరం రాకెట్టు స్లెడ్డు మీద కల్నల్ జాన్ స్టాప్ 1954లో భరించిన 46.2 జీలకు పనికిరాదు. నాలుగోది గుర్తించవలసిన అత్యల్ప త్వరణం. రొద దాన్ని కప్పివేయకూడదు. ఐదోది కొలతను కాలంతో కూడి వేగమో దూరమో రాబట్టాలా అన్నది. రాబట్టవలసి వస్తే స్థిరమైన తప్పు ఎంత తక్కువగా ఉండాలన్నదే ధరను నిర్ణయిస్తుంది. బిగింపు, బరువు, ఉష్ణోగ్రత, కేబుల్ వీటి తర్వాత వస్తాయి.

సంఖ్యలో చూస్తే మెమ్స్ మిగిలిన రకాలన్నింటినీ ఎప్పుడో దాటిపోయింది. అయినా జెట్ ఇంజన్ వేడి దగ్గర స్ఫటికానికి, ఖండాలు దాటే క్షిపణిలో గైరో, సర్వో పరికరాలకు ప్రత్యామ్నాయం ఇంకా తేలలేదు. స్ప్రింగు గట్టిదనానికీ, ద్రవ్యరాశికీ, రొదకూ మధ్య సంబంధాలు ప్రకృతి నియమాలు కనుక కొత్త పదార్థాలు, కొత్త వలయాలు ఆ బేరాన్ని కాస్త సడలించగలవే తప్ప రద్దు చేయలేవు. అన్ని కదలికలకూ సరిపోయే ఒకే సెన్సరు ఇప్పటివరకు రాకపోవడానికి, కొనేవాడు పరికరం గురించి కన్నా ముందు తన యంత్రం ఎలా కదులుతుందో తెలుసుకోవలసి రావడానికి కారణం అదే.